నిలువు జెండా, అడ్డ జెండా

మా అమ్మమ్మకు తన పుట్టినరోజు తేదీ తెలియదు. పుష్కరాల లెక్కన, గాలివానల లెక్కన 1930 ప్రాంతంలో పుట్టి ఉంటుందని ఇంట్లో అనుకొనేవారు. కాని ఏ దేశంలో పుట్టావని అడిగితే మాత్రం ఆవిడ తడుముకొనేది కాదు. “నేను ఫరాసు దేశంలో పుట్టాను, ఇంగ్లీషు దేశంలో కాపురానికొచ్చాను, ఇండియా దేశంలో పిల్లల్ని పెంచాను” అనేది. ఈ మూడు దేశాల మధ్య ఉన్న దూరమంతా కలిపి గౌతమీ పాయ వెడల్పు.

ఆవిడ పుట్టిల్లు యానాం. మా తాతయ్యగారి ఊరు ఆ పాయకు ఇవతల, ఎదుర్లంక దగ్గరలోని ఒక లంక గ్రామం. నా చిన్నతనమంతా ఆ ఇంట్లోనే గడిచింది. సాయంత్రం రేవులో కూర్చుంటే అవతలి గట్టున యానాం దీపాలు ఒకటొకటిగా వెలిగేవి. 1720ల నుంచి 1954 వరకు అక్కడ ఫ్రెంచివారి పాలన సాగింది. రెండు గట్లమీదా ఒకే తెలుగు, ఒకే వరి అన్నం, ఒకే పులస, ఇటు ఆడపడుచులు అటు, అటు ఆడపడుచులు ఇటు. కాని పోలీసు వేరు, చట్టం వేరు, జెండా వేరు. ఒక నది రెండు గట్లమీద రెండు దేశాలు ఉండడం ఎలా ఉంటుందో పాఠ్యపుస్తకం కంటే ముందు నేను అమ్మమ్మ ఒడిలో తెలుసుకొన్నాను.

ఆవిడ జ్ఞాపకాలలో జూలై 14 పెద్ద పండుగ. ఫ్రెంచివారి జాతీయ దినం కనుక యానాంలో ఆ రోజున ఊరేగింపు, ఆటలపోటీలు, పిల్లలకు మిఠాయిలు ఉండేవట. నీలం, తెలుపు, ఎరుపు నిలువు పట్టీలుగా ఉన్న జెండాను పట్టుకొని వీధులవెంట నడిచిన సంగతి చెబుతున్నప్పుడు ఆవిడ ముఖంలో తప్పు చేసినట్టు ఉండేది కాదు. తాను పుట్టిన ఊరి పండుగను తలచుకొంటున్న ముఖమే ఉండేది. ఇంకో సంగతి కూడా చెప్పేది. 1930లో శారదా చట్టం అమలులోకి వచ్చి, ఇంగ్లీషువారి ఏలుబడిలో చిన్నపిల్లల పెళ్ళిళ్ళు నేరమయ్యాక, ఆ చట్టం వర్తించని యానాంకు పడవల నిండా పెళ్ళివారు దిగేవారట. అరుగు కనబడితే పందిరి వేసేవారట. అలా పెళ్ళయిన పిల్లల్ని చూసి తన తల్లి “పాపం, పిల్లకు నిద్ర కూడా తీరలేదు” అని బాధపడిన మాటను ఆవిడ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. నది దాటితే చట్టం మారిపోవడం మంచికీ అవుతుంది, చెడుకీ అవుతుంది అన్నది ఆవిడ చిన్నప్పుడే గ్రహించింది.

ఆవిడకు 1946లో పెళ్ళయింది. నాటుపడవలో గౌతమి దాటి ఇవతలి గట్టుకు వచ్చింది. తర్వాతి రోజుల్లో పుట్టింటికి వెళ్ళివచ్చేటప్పుడు రేవులో మూటలు విప్పించి చూసేవారని, తల్లి ఇచ్చిన కొత్త చీరను కట్టుకొని వస్తేనే గొడవ లేకుండా ఇల్లు చేరేదని చెప్పేది.

ఇక తాతయ్యగారి సంగతి. ఆయన తండ్రి 1923 డిసెంబరులో కాకినాడలో జరిగిన కాంగ్రెసు మహాసభకు పడవమీద కొంత, నడిచి కొంత వెళ్ళివచ్చారట. ఆ సభకు మౌలానా మహమ్మదలీ అధ్యక్షులు. సభ గురించి మా ఇంట్లో మిగిలిన కథ మాత్రం ఉపన్యాసాలది కాదు. ఖాదీ ప్రదర్శన గుమ్మం దగ్గర వాలంటీరుగా నిలబడ్డ 14 ఏళ్ళ రాజమండ్రి పిల్ల, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపేసి, టిక్కెట్టు కొన్నాక గాని లోపలికి పంపలేదన్న కథ. ఆ పిల్లే తర్వాత రాజ్యాంగ సభలో కూర్చున్న దుర్గాబాయి. తాతయ్యగారు ఈ కథ చెప్పి, “ఎంతటివాడైనా టిక్కెట్టు కొనాల్సిందే అన్న పిల్ల గొప్పదా, కొనుక్కొని లోపలికి వెళ్ళిన ఆయన గొప్పవాడా?” అని నన్ను అడిగేవారు. నేను రోజుకొక జవాబు చెప్పేవాణ్ణి. దేనికీ ఆయన తప్పు అనలేదు.

తాతయ్యగారు జైలుకు వెళ్ళలేదు. 1942లో భీమవరం, పాలకొల్లు వైపు గొడవలు జరుగుతున్న రోజుల్లో, రాత్రిపూట కరపత్రాలను కొబ్బరికాయల బస్తాల అడుగున పెట్టి కాలువ పడవల్లో చేరవేసిన కుర్రవాళ్ళలో ఆయన ఒకరు. 1972లో కేంద్రప్రభుత్వం స్వాతంత్ర్య సమరయోధులకు పింఛను ప్రకటించినప్పుడు ఊళ్ళోవాళ్ళు దరఖాస్తు పెట్టమంటే ఆయన పెట్టలేదు. “లాఠీ దెబ్బలు తిన్నవాళ్ళు తీసుకోవాలి గాని, బస్తాలు మోసినవాడిని నాకెందుకు?” అన్నారట. ఈ మాట ఆయన నాతో ఎప్పుడూ అనలేదు. నాకు చెప్పింది అమ్మమ్మే.

తాతయ్యగారి దగ్గర మధ్యలో రాట్నం బొమ్మ ఉన్న పాత ఖద్దరు జెండా ఉండేది. 1947 జూలై 22న రాజ్యాంగ సభ రాట్నం స్థానంలో అశోకచక్రం ఉన్న జెండాను ఆమోదించింది. ఆ వార్త మా లంకకు పత్రికలో రెండు రోజులు ఆలస్యంగా చేరింది. పంద్రాగస్టుకు మూడు వారాలే వ్యవధి. కొత్త జెండా ఎక్కడ దొరుకుతుందో ఎవరికీ తెలియదు. అప్పుడు తాతయ్యగారు తాము వడికిన నూలుతో నేయించిన గుడ్డలు మూడు తెచ్చి, రెండింటికి రంగులద్దించి, చక్రం కుట్టే పని అమ్మమ్మకు అప్పగించారు. పదహారు పదిహేడేళ్ళ పిల్ల. కాగితాలలో ఇంకా ఫ్రెంచి ప్రజ. నీలం దారంతో, పత్రికలో పడిన బొమ్మను చూసుకొంటూ, కిరసనాయిలు దీపం దగ్గర కూర్చొని, భారతదేశపు జెండాకు చక్రం కుట్టింది. ఆకులు 24 ఉండాలి. ఆవిడ కుట్టడం పూర్తిచేసి లెక్కపెడితే 23 వచ్చాయట. “ఒక్క ఆకే కదా, ఎగురుతుంటే ఎవరు లెక్కపెడతారు?” అని అత్తగారు అన్నారట. అమ్మమ్మ మాట్లాడకుండా చక్రమంతా విప్పదీసి, మళ్ళీ మొదటి నుంచి కుట్టింది. ఆ రెండోసారి కుట్టిన చక్రాన్ని నేను చూశాను, తాకాను. వెనకవైపు గుడ్డమీద పాత సూది రంధ్రాల గుర్తులు కూడా ఉండేవి.

చెప్పదలచుకొన్న విషయానికి ఈ జెండాయే కేంద్రం కనుక ఇంకొంచెం చెబుతాను. ఆ రోజుల్లో ఎవరికి వారు ఇంటిమీద ఎప్పుడు పడితే అప్పుడు జెండా ఎగరవేయడానికి వీలుండేది కాదు. పంద్రాగస్టు, జనవరి 26 వంటి కొన్ని రోజులకే ఇళ్ళమీద అనుమతి. ఆ నియమం 2002 జనవరి 26 నుంచి సడలిపోయింది. కాని నా చిన్నతనంలో ఆ జెండా ఏడాదిలో రెండే రోజులు భోషాణంలోంచి బయటికి వచ్చేది. అందుకని ఆ రెండు రోజులకు ముందు తయారీ ఉండేది. సరుగుడు బాదును తోమి కడిగి ఉంచేవారు. తాడు కొత్తది కొనేవారు. తాతయ్యగారు తెల్లవారుజామునే స్నానం చేసి, సూర్యోదయానికి జెండా కట్టి, సూర్యాస్తమయానికి దింపి, నాలుగు మూలలూ కలిపి మడిచి, కర్పూరం బిళ్ళతో పాటు లోపల పెట్టేవారు. దింపేటప్పుడు జెండా మూల నేలకు తగలకుండా పట్టుకోవడం నా పని. ఆ చిన్న చేతులకు దొరికిన పని వల్ల కలిగిన గౌరవభావం, తర్వాత ఎన్ని ఉపన్యాసాలు విన్నా నాకు కలగలేదు.

దేశభక్తి గల మా తాతయ్యగారు ఇంగ్లీషు దొర కాటన్‌కు దండం పెట్టేవారు. ధవళేశ్వరం వెళ్ళినప్పుడు నేను ఈ విషయమే అడిగాను. ఇంగ్లీషువాళ్ళు వెళ్ళిపోవాలని కరపత్రాలు మోసిన మనిషి ఇంగ్లీషువాడికి దండం ఎందుకు పెట్టాలి? ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. ఆనకట్ట గుర్తులను, దాని స్థానంలో 1970లో మొదలుపెట్టి కట్టిన కొత్త బ్యారేజీని చూపించారు. 1847లో మొదలై 1852కు ఆనకట్ట పూర్తయిందని, అంతకు ముందు ఈ గడ్డమీద కరువుకు జనం రాలిపోయారని, కళ్ళముందే నది నిండుగా సముద్రంలోకి పోతుంటే మనుషులు తిండిలేక చనిపోయిన రోజులున్నాయని చెప్పారు. గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా కాలువను దాటించిన అక్విడక్టు వల్లే ఆ పాయకు అవతల ఉన్న లంకలకు నీళ్ళు వచ్చాయన్నారు. చివరికి, “దొరలు పోవాలన్నాం గాని, ఈ నీళ్ళు పోవాలని అనలేదురా అబ్బాయ్. మేలు చేసినవాణ్ణి మరిచిపోతే మనకు స్వరాజ్యం వచ్చి ఏం లాభం?” అన్నారు. గోదావరిలో మునిగి సంకల్పం చెప్పుకొనేటప్పుడు ఆ పరాయి దేశస్థుడి పేరు కూడా తలచుకొనే పండితులు మా ప్రాంతంలో ఉన్నారన్నది అందరూ ఎరిగినదే. కృతజ్ఞత మనిషిని బానిసను చేయదు. మా డెల్టా నాకు నేర్పిన విషయాలలో ఇది చాలా పెద్దది.

1954 జూన్ 13న, దడాల రఫేల్ రమణయ్యగారి నాయకత్వంలో విలీనవాదులు యానాంను స్వాధీనం చేసుకొని భారత పతాకాన్ని ఎగరవేసినప్పుడు అమ్మమ్మ ఇవతలి గట్టున రేవులో నిలబడి చూసిందట. చంకలో మా అమ్మ. అవతల ఏమీ స్పష్టంగా కనబడలేదని, అరుపులు మాత్రం గాలితోపాటు వచ్చి పోయాయని చెప్పేది. తన అమ్మా నాన్నా క్షేమంగా ఉన్నారో లేదో అన్న దిగులు ఒకవైపు, ఇక మీదట మూటలు విప్పనక్కర్లేదన్న ఆనందం మరొకవైపు. “నిలువు జెండా దిగి అడ్డ జెండా ఎక్కింది. అంతే. మా అమ్మ వంట మానలేదు” అనేది. ఆ నవంబరు 1న పరిపాలన మన ప్రభుత్వం చేతికి వచ్చింది. ఫ్రాన్సు పార్లమెంటు ఆమోదం కూడా పూర్తయి చట్టప్రకారం అప్పగింత జరిగింది 1962 ఆగస్టు 16న. ఆ తేదీని యానాంలో ఇప్పటికీ జరుపుకొంటారు.

అసలు కథ ఆ తర్వాతి ఆరు నెలలది. ఒప్పందం ప్రకారం ఆ ప్రాంతాలలో పుట్టిన ఫ్రెంచి ప్రజలు భారత పౌరులవుతారు. ఎవరైనా ఫ్రెంచి పౌరసత్వాన్నే ఉంచుకోదలిస్తే ఆరు నెలలలోపు రాతపూర్వకంగా ఆ మాట తెలియజేయాలి. ఫ్రెంచి కొలువులో పనిచేసిన అమ్మమ్మ అన్నగారు సంతకం పెట్టారు. ఆయన పుదుచ్చేరిలో స్థిరపడి, చివరిదాకా ఫ్రెంచి పౌరుడిగానే ఉన్నారు. “నీకూ హక్కు ఉంది చెల్లాయ్, రేపు పిల్లలకు చదువులకు పనికొస్తుంది, ఆలోచించు” అని ఆయన ఒక కాగితం తెచ్చి ఇచ్చి వెళ్ళారు. అన్నగారు ప్రేమతో తెచ్చిన కాగితం అది. ఆయనను తప్పుపట్టడం మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నేనూ తప్పుపట్టను. ఎవరి అన్నం ఎవరిని నిలబెట్టిందో వారి గుండెకే తెలుస్తుంది.

కాగితం దేవుడి గూట్లో ఉంది. ఇంతలో అక్టోబరు వచ్చింది, చైనాతో యుద్ధం వచ్చింది. జాతీయ రక్షణ నిధికి బంగారం పోగుచేస్తూ మా ఊరికి కూడా వచ్చారు. చావిట్లో గుడ్డ పరిచారు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి గాజో, ముక్కుపుడకో వేసి పోతున్నారు. అమ్మమ్మ ఇంట్లోకి వెళ్ళి, పెళ్ళినాడు తల్లి యానాంలో చేయించి వేలికి తొడిగిన ఉంగరాన్ని సబ్బునీళ్ళతో తీసి, తెచ్చి వేసింది. వేలికి సన్నగా తెల్లటి గీత మిగిలింది. తాతయ్యగారు ఏమీ అడగలేదట. ఆవిడా చెప్పలేదు. ఫిబ్రవరిలో గడువు దాటిపోయింది. దేవుడి గూట్లో కాగితం మీద పసుపు, కుంకుమ పడి మరకలయ్యాయి. నేను పెద్దయ్యాక “ఎందుకు సంతకం పెట్టలేదు అమ్మమ్మా?” అని అడిగితే, “ఉంగరం ఇచ్చాక ఇంక సంతకం ఎందుకురా నాన్నా?” అంది.

ఆ ఏడాదే, 1962లో, విశాఖపట్నంలో ఖజానా అధికారిగా పనిచేస్తున్న పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు తెలుగులో ప్రతిజ్ఞ రాశారు. అది తర్వాత దేశభాషలన్నింటిలోకీ వెళ్ళి, బడిపిల్లలందరి ప్రతిజ్ఞ అయింది. మేము రోజూ ఉదయం చెయ్యి చాచి చదివేవాళ్ళం. దాన్ని రాసినది ఒక తెలుగువాడని మాకు ఎవరూ చెప్పలేదు. చాలాకాలం తర్వాత ఆ సంగతి తెలిసినప్పుడు సంతోషం కంటే ముందు సిగ్గు కలిగింది. ఏళ్ళ తరబడి ఆయన మాటలు పలికి, ఆయన పేరు పలకలేదు కదా అని. ఆ ప్రతిజ్ఞలో దేశ వారసత్వ సంపద నాకు గర్వకారణం అన్న వాక్యం తర్వాత ఆయన ఆగిపోలేదు. దీనికి అర్హుడనగుటకై సర్వదా కృషి చేస్తాను అన్న వాక్యం వెంటనే పెట్టారు. గర్వం ఒక వాక్యమైతే అర్హత దాని పక్క వాక్యం. చిన్నప్పుడు ఆ రెండు వాక్యాల మధ్య మేము ఊపిరి తీసుకొనేవాళ్ళం కాదు, ఒకే గుక్కలో చదివేవాళ్ళం. ఇప్పుడు చాలామంది మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతున్నారని నాకు అనిపిస్తుంది, బాధ కలుగుతుంది.

1986 పంద్రాగస్టు నాటికి నాకు పదేళ్ళు. అంతకు రెండు రోజుల ముందు నుంచే గౌతమి ఎర్రగా మారి, రేవు మెట్లు ఒక్కొక్కటిగా మింగుతోంది. ఎగువన వానలని రేడియో చెబుతోంది. అయినా ఆ ఉదయం తాతయ్యగారు జెండా ఎగరవేశారు. బడిలో జెండా పండుగ త్వరగా ముగించి, బూంది పొట్లాలు చేతిలో పెట్టి, గట్టుమీదికి వెళ్ళిపొమ్మని చెప్పి పంపేశారు. మధ్యాహ్నానికి పశువులపాకలోకి నీళ్ళు వచ్చాయి. ఆడవాళ్ళనీ పిల్లలనీ పడవల్లో ఏటిగట్టుకు చేర్చడం మొదలైంది. తాతయ్యగారు మాత్రం సూర్యాస్తమయం దాకా జెండా దింపనన్నారు. దింపి, మడిచి, భోషాణంలో పెట్టి, పశువుల కట్లు విప్పుతూ అక్కడే ఉండిపోయారు. మేము చీకట్లో గట్టు చేరాము.

మర్నాడు, ఆగస్టు 16న, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరికకు 17 లక్షలు చాలు. అంతకు రెట్టింపు అన్నమాట. ఆ నీళ్ళను చూసినవాళ్ళు దాన్ని నది అనలేరు. కొబ్బరిచెట్ల మొవ్వులు, తాటాకు ఇళ్ళ కొప్పులు, బ్రతికి ఉన్న గేదెలు, చనిపోయిన గేదెలు, అన్నీ ఒకే వేగంతో పోతున్నాయి. ఏటిగట్టు మీద వందలమందిమి, పక్కనే పశువులు, వాటి పక్కనే పాములు. తాతయ్యగారి జాడ లేదు. అమ్మమ్మ నీళ్ళవైపు చూస్తూ, “ఇవాళ ఆగస్టు పదహారు. మా యానాం కాగితం పూర్తయిన రోజు” అంది. అటు యానాం కూడా మునిగిపోయింది. ఆ రోజు గౌతమికి రెండు గట్లూ లేవు.

ఆ తర్వాతి రోజు జవాన్ల పడవలు వచ్చాయి. ఇంటి కప్పులమీద, చెట్లమీద మిగిలిపోయిన వారిని దింపి తెస్తున్నారు. మూడో విడతలో వచ్చిన పడవలో, పక్కింటి డాబామీద రెండు రాత్రులు గడిపిన తాతయ్యగారు ఉన్నారు. ఒక కుర్ర జవాను ఆయన్ను చంటిపిల్లవాడిని ఎత్తుకొన్నట్టు రెండు చేతులతో ఎత్తుకొని గట్టుమీద దింపాడు. అతనికి తెలుగు రాదు, మాకు అతని భాష రాదు. బడిలో హిందీ మాస్టారు మధ్యవర్తి అయ్యారు. ఏ ఊరు బాబూ అని అమ్మమ్మ అడిగించింది. రాజస్థాన్‌లో ఎడారి పక్క ఊరట. బిందెడు నీళ్ళకు వాళ్ళ అమ్మ కోసుల దూరం నడుస్తుందట. ఇంత నీరు ఒకచోట ఉంటుందని తాను ఎప్పుడూ అనుకోలేదట. ఈ మాటలు చెప్పి, అతను గట్టు చివరికి దిగి, మా ఇళ్ళనూ పశువులనూ పంటనూ తీసుకుపోతున్న ఆ ఎర్రటి నీళ్ళను దోసిలితో తీసుకొని కళ్ళకద్దుకొన్నాడు. మా దుఃఖం తెలియక చేసిన పని కాదది. నీటి విలువ తెలిసినవాడు చేసిన పని. అమ్మమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకొని, ఎవరో లాగి ఒడ్డున పడేసిన కొబ్బరి బోండాలలో ఒకటి కొట్టించి అతని చేతికిచ్చింది. అతను తాగలేదు. ముందు తాతయ్యగారికి ఇవ్వమని సైగ చేశాడు. భారతీయులందరూ నా సహోదరులు అని ఐదేళ్ళుగా రోజూ చెయ్యి చాచి చదివిన మాటకు ఒక ముఖం ఉంటుందని నాకు ఆ రోజు తెలిసింది.

వరద తీశాక ఇంటికి వెళితే నడుము లోతు ఒండ్రు. భోషాణం బోర్లాపడి ఉంది. జెండాను బయటికి తీస్తే మూడు రంగులూ కలిసి మట్టిరంగు అయిపోయాయి. రెండుచోట్ల చిరిగింది. చక్రం ఒక్కటే, నీలం దారం గట్టిది కావడం వల్ల, ఇంకా కనబడుతోంది. అమ్మమ్మ దాన్ని కాలువలో జాడించి, ఆరవేసి, మళ్ళీ జాడించింది. మరక పోలేదు. చక్రం వరకు కత్తిరించి దాచుకొందామని మా అమ్మ అంది. తాతయ్యగారు ఒప్పుకోలేదు. పాడైన జెండాను ముక్కలు చేయకూడదు, ఇంకొక పనికి వాడకూడదు, నలుగురి ఎదుట పారవేయకూడదు, పూర్తిగా, చాటుగా, గౌరవంగా దహనం చేయాలి అన్నది నియమం. ఒక తెల్లవారుజామున, పెరట్లో వరదకు మిగిలిన నిమ్మచెట్టు వెనక, కొత్త మూకుడులో ఎండు కొబ్బరిడొక్కల నిప్పుమీద, మడత విప్పకుండా దాన్ని ఉంచారు. మేము నలుగురమే ఉన్నాము. ఎవరూ మాట్లాడలేదు. గుడ్డ నెమ్మదిగా నల్లబడింది. చక్రం చివరిదాకా ఉంది. అమ్మమ్మ పెదవులు కదులుతుంటే మంత్రం చదువుతోందేమో అనుకొన్నాను. దగ్గరికి వెళితే, ఆవిడ ఆకులు లెక్కపెడుతోంది.

తర్వాతి జనవరి 26కు తాతయ్యగారు కాకినాడ ఖాదీ దుకాణం నుంచి కొత్త జెండా తెచ్చారు. దానిని కూడా అదే శ్రద్ధతో కట్టారు, దింపారు. మరి కొన్నేళ్ళకు ఆయన వెళ్ళిపోయారు. ఇప్పుడు ఇంటింటా జెండా ఎగరవేయవచ్చు, రాత్రిపూట కూడా ఉంచవచ్చు. 2022 ఆగస్టులో మా ఊళ్ళో జెండా లేని ఇల్లు లేదు, చూసి కడుపు నిండిపోయింది. కాని వారం తిరక్కుండానే పంటకాలువ తూము దగ్గర, చెత్తలో, గుర్రపుడెక్కలో చిక్కుకొన్న చిన్న చిన్న జెండాలు కనబడ్డాయి. దొరికినన్ని ఏరి ఇంటికి తెచ్చాను. చాటుగా ఏం చేయాలో అది చేశాను. కొన్నవాళ్ళకు ప్రేమ లేదని నేను అనను. దింపడం నేర్పేవాళ్ళు వాళ్ళ ఇళ్ళలో లేకపోయారు.

యానాం, ఎదుర్లంకల మధ్య వారధి వచ్చి చాలా ఏళ్ళయింది. పంటుమీద అరగంట పట్టే దారి ఇప్పుడు రెండు నిమిషాలు. అమ్మమ్మకు డెబ్బై ఎనిమిదో, ఎనభయ్యో ఉన్నప్పుడు, ఒక ఆగస్టు 16న యానాం పండుగ చూపించమని అడిగితే కారులో తీసుకువెళ్ళాను. మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు. వారధి మధ్యకు రాగానే అమ్మమ్మ ఆపమంది. కర్ర ఆనించుకొని దిగి, పిట్టగోడ దగ్గర నిలబడి, వేలు చాచింది. “అదిగో, అక్కడిదాకా ఇంగ్లీషు దేశం. అక్కడి నుంచి మా ఫరాసు దేశం” అంది.

“గీత ఏది తాతమ్మా?” అని మా అమ్మాయి పిట్టగోడ కమ్ముల్లోంచి తల దూర్చి వెతికింది.

“అదిగోనే, ఆ గుర్రపుడెక్క గుబురు పోతోంది చూడు, అక్కడ” అంది అమ్మమ్మ. పాటు తీస్తున్న వేళ కావడంతో ఆ గుబురు మెల్లగా సముద్రంవైపు జరుగుతూ పోయింది. ఆవిడ వేలు కూడా దానితో పాటే జరిగింది. కాసేపటికి నవ్వి, చెయ్యి దింపి, కొంగుముడి విప్పి, ఒక రూపాయి బిళ్ళ తీసి మునిమనవరాలి చేతిలో పెట్టి, గోదావరిలో వెయ్యమంది.